దేహం మీద రాసే తీర్పు చెల్లదు

గంజాయి ముఠా పట్టుబడినా, మెడలో గొలుసు లాగినవాడు దొరికినా, ఆడపిల్ల మీద అఘాయిత్యం జరిగినా మన ఊళ్ళలో వినిపించే మాట ఒకటే. కోర్టులెందుకు, వాయిదాలెందుకు, నాలుగు రోడ్ల కూడలిలో కట్టేసి ఒళ్ళు హూనం చేస్తే మళ్ళీ జన్మలో చేయడు. నందిగామలోనో జగ్గయ్యపేటలోనో ఈ మాట అనేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. కేసులు ఏళ్ళకేళ్ళు నానడం చూసినవాళ్ళు. సాక్షులు మాట మార్చడం, డబ్బున్నవాడు బెయిలు మీద దర్జాగా తిరగడం కళ్ళారా చూసినవాళ్ళు. వాళ్ళ కోపానికి కారణం ఉంది. వాళ్ళు కోరే శిక్షకు మాత్రం సమర్థన లేదు. నేరం రుజువైనవాడి ఒంటి మీద సైతం దెబ్బ వేసే హక్కు రాజ్యానికి లేదు. రుజువు కానివాడి మీద చెయ్యెత్తిన ఉద్యోగి తానే నేరస్తుడు. ఈ పత్రిక ఈ విషయంలో ఎవరితోనూ రాజీపడదు.

2025లో తెనాలి నడిరోడ్డు మీద ముగ్గురు యువకులను కూర్చోబెట్టి, కాళ్ళు కదలకుండా తొక్కిపట్టి, అరికాళ్ళ మీద పోలీసులు లాఠీలతో కొట్టిన వీడియోను రాష్ట్రమంతా చూసింది. వాళ్ళ మీద ఏ ఆరోపణలున్నాయో, పాత కేసులెన్నున్నాయో అధికారులు తర్వాత తీరుబడిగా చెప్పుకొచ్చారు. ఆ జాబితా ఎంత పొడవున్నా ఒక ప్రశ్నకు జవాబు లేదు. ఆ దెబ్బలు ఏ కోర్టు వేసిన శిక్ష? ఏ సెక్షన్ కింద? అంతకన్నా బాధ కలిగించింది ఆ వీడియో కింద జనం తెలిపిన హర్షం. కొరడాను చట్టం నుంచి తీసేసి ఏడు దశాబ్దాలు దాటినా మన మనసుల్లోంచి తీయలేకపోయాం.

ఈ నేలకు ఆ చరిత్ర కొత్త కాదు. బేతవోలును పెద్ద ఊరుగా పెంచి, తండ్రి పేరు మీద జగ్గయ్యపేటగా నిలిపిన వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడిని మనం గుళ్ళు కట్టించిన ప్రభువుగా, చేతికి ఎముక లేని దాతగా తలుచుకుంటాం. అది నిజమే. దోపిడీలు చేస్తున్నారన్న నెపంతో వందల మంది చెంచులను విందుకు పిలిపించి తలలు నరికించాడని, నరుకుళ్ళపాడు దగ్గర ఆ ఘోరం జరిగిందని, ఆ పాపభీతి జీవితాంతం ఆయనను వెంటాడిందని కూడా కృష్ణకు రెండు ఒడ్డులా తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఆ చెంచుల్లో దొంగ ఎవరు, కానివాడెవరు అని అడిగినవాళ్ళు లేరు. ఫిర్యాదు చేసినవాడు, తీర్పు చెప్పినవాడు, శిక్ష అమలు చేయించినవాడు ఒక్కడే అయినప్పుడు అడిగేదెవరు?

అంతకు ముందు కాలమేమీ మెత్తనిది కాదు. పదమూడో శతాబ్దంలో కేతన తెలుగు చేసిన విజ్ఞానేశ్వరీయం మొదలు, మన పెద్దలు చదువుకున్న ధర్మశాస్త్రాలన్నీ ఒకే నేరానికి వర్ణాన్ని బట్టి వేర్వేరు దండనలు చెప్పాయి. బ్రాహ్మణుడికి తల గొరిగించి ఊరు దాటించడం, మిగిలినవాళ్ళకు అంగం తీయడం. విజయనగరంలో దొంగకు కాలూ చెయ్యీ నరికేవారని 1530ల నాటి పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాసిపెట్టాడు. కంపెనీ వాళ్ళు బెంగాల్లో 1793 నాటికి ఈ అంగచ్ఛేదాన్ని మానిపించి, రెండు అవయవాలు తీయాల్సిన శిక్షకు బదులు పద్నాలుగేళ్ళు, ఒక అవయవానికి బదులు ఏడేళ్ళు జైలు అని లెక్క కట్టారు. అదే కంపెనీ యావజ్జీవ ఖైదీల నుదుటి మీద వాళ్ళ నేరాన్ని పచ్చపొడిపించింది. చర్మం మీద నేరం రాసే ఆ పద్ధతి 1849లో గానీ రద్దు కాలేదు.

వెంకటాద్రి నాయుడు కన్నుమూసిన 1816వ సంవత్సరంలోనే మద్రాసు ప్రభుత్వం పదకొండో రెగ్యులేషన్ తెచ్చింది. తిట్లు, చిన్నాచితకా కొట్లాటల కేసుల్లో గ్రామ మునసబుకు శిక్షించే అధికారం ఇచ్చిన రెగ్యులేషన్ అది. మన పల్లెల్లో దాని నీడ ఎంత కాలం పడిందో తెలుసుకోవాలంటే దాని పదో సెక్షన్ చదవాలి. మామూలు మనిషి తప్పు చేస్తే గ్రామ చావడిలో పన్నెండు గంటలకు మించకుండా కూర్చోబెట్టాలి. అదే తప్పు కింది కులం వాడు చేస్తే, అలాంటి అవమానకరమైన శిక్ష వేయడం అనుచితం కాని జనం కనుక, ఆరు గంటల దాకా బొండలో వేయవచ్చు. బొండ అంటే ఈ తరానికి తెలియకపోవచ్చు. చీలమండలు పట్టేంత కంతలు తొలిచిన రెండు దుంగలు. కాళ్ళు ఆ కంతల్లో పెట్టించి పై దుంగ దించి బిగిస్తారు. ఎండైనా వానైనా మనిషి కదలలేడు. ఊళ్ళో పిల్లలంతా చుట్టూ చేరి చూస్తుంటారు. పెళ్ళాం బిడ్డలు చూస్తుంటారు. ఈ అవమానాన్ని కులం చూసి వడ్డించమని రాతపూర్వకంగా చెప్పింది ఏ మనువో కాదు, మద్రాసు కోటలో కూర్చున్న తెల్లదొరల కౌన్సిల్. దశాబ్దాల తరబడి అది చట్టంగా చెలామణీ అయింది. ఒంటి మీద వేసే శిక్షకు మొదటి నుంచీ ఒంటిని ఎంచుకునే అలవాటుందని చెప్పడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం మాకు దొరకలేదు.

1855లో మద్రాసు రాజధానిలో చిత్రహింసలపై ఇలియట్, స్టోక్స్, నార్టన్ అనే ముగ్గురు సభ్యుల కమిషన్ నివేదిక ఇచ్చింది. శిస్తు వసూలు కోసం, నేరం ఒప్పించడం కోసం తాలూకా బంట్రోతులు చేసే పనులన్నీ అందులో ఉన్నాయి. రెండు కొయ్యల మధ్య వేళ్ళు పెట్టి నొక్కడాన్ని తెలుగు జిల్లాల్లో చీరట అనేవారని ఆ నివేదిక నమోదు చేసింది. మెడను కాళ్ళకు తాడుతో కట్టి, మనిషిని రెండుగా వంచి ఎండలో నిలబెట్టడం మరొకటి. ఫిర్యాదులు 1,959 వచ్చాయి. కొందరు వందల మైళ్ళు నడిచి వచ్చి చెప్పుకున్నారు. దెబ్బలు తిన్న రైతు అంత దూరం నడిచాడంటే ఊళ్ళో, తాలూకాలో, జిల్లాలో అతని మాట విన్నవాడు లేడనే అర్థం.

ఆ నివేదిక ఊరికే పోలేదు. 1859లో మద్రాసుకు రెవెన్యూతో సంబంధం లేని కొత్త పోలీసు వ్యవస్థ వచ్చింది. 1860 నాటి శిక్షాస్మృతి 330వ సెక్షన్లో, ఒప్పించడం కోసం గాయపరచడాన్ని ఏడేళ్ళ దాకా జైలుకు తగిన నేరంగా చేర్చారు. ఆ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణల్లో నేరం ఒప్పుకోమని హింసించే పోలీసు అధికారి ఉన్నాడు, శిస్తు బకాయి కోసం హింసించే రెవెన్యూ అధికారీ ఉన్నాడు. పోలీసుల ముందు ఇచ్చిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదన్న నియమం 1861లో వచ్చింది. ఈ రోజు భారతీయ న్యాయ సంహిత 120వ సెక్షన్‌గా, సాక్ష్య అధినియమం 23వ సెక్షన్‌గా నడుస్తున్నవి అవే. నేరస్తుడికి ఈ దేశంలో మరీ ఎక్కువ రక్షణలున్నాయని గొణిగేవాళ్ళు ఒకటి తెలుసుకోవాలి. వీటిని ఏ మానవ హక్కుల సంఘమో నిన్న మొన్న అడిగి సాధించలేదు. వేళ్ళు నలిగిన తెలుగు, తమిళ రైతుల ఫిర్యాదుల్లోంచి పుట్టినవి ఇవి.

ఇంత జరిగాక కూడా సర్కారు చేతికి కొరడా కావాలనిపించింది. 1860 శిక్షాస్మృతిలో కొరడా దెబ్బలు లేవు. నాలుగేళ్ళు తిరగకుండానే 1864లో ఆరో నంబరు చట్టం వాటిని వెనక్కి తెచ్చింది. జైళ్ళు కిక్కిరిసిపోతున్నాయి, ఖైదీకి కూడు పెట్టడం ఖర్చు, బెత్తం అయితే చవక. తొమ్మిది తోకల కొరడా అయితే 150 దెబ్బల దాకా, బెత్తమైతే 30 దాకా. దొంగతనం, కన్నం వేయడం, దోపిడీ లాంటి నేరాలకు ఇది వర్తించేది. అంటే ఎక్కువగా పేదవాడు చేసే నేరాలకే. లంచం తిన్న తాసీల్దారుకు ఆ జాబితాలో చోటు లేదు. 1909లో ఆ చట్టాన్ని తిరగరాసినా దాని ముఖం మారలేదు.

1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ఈ శిక్షకు చేసిన ఏర్పాట్లు ఒకసారి దగ్గరగా చూడాలి. బెత్తం మందం అరంగుళానికి తగ్గకూడదు. ముప్ఫై దెబ్బలకు మించకూడదు. పదహారేళ్ళ లోపు పిల్లవాడైతే పదిహేను. ఆడవాళ్ళను కొట్టకూడదు. నలభై అయిదేళ్ళు దాటాడని కోర్టుకు అనిపిస్తే కొట్టకూడదు. ఇవాళ సగం, రేపు సగం అని విడతలుగా కొట్టకూడదు. ఖైదుతో పాటు వేసిన శిక్ష అయితే పదిహేను రోజులు ఆగాలి, అప్పీలుకు పోతే పై కోర్టు ఖాయం చేసేదాకా ఆగాలి. డాక్టరుంటే పరీక్షించి, ఈ మనిషి దెబ్బలకు తట్టుకోగలడని చెప్పాలి. కొడుతుండగా ఇక తట్టుకోలేడని తేలితే మధ్యలో ఆపేయాలి. రోగం నయం చేస్తానని ప్రమాణం చేసిన డాక్టరును, ఇంకెన్ని దెబ్బలకు ఓర్చుకుంటాడో చెప్పమని పక్కన నిలబెట్టిన చట్టం అది. పదిహేనేళ్ళ కుర్రవాడికి పదిహేను దెబ్బలు సరిపోతాయని కొలిచి రాసిన చేతులు వణకలేదంటే, కొలతలున్నంత మాత్రాన క్రూరత్వం న్యాయమైపోతుందని ఆ చేతులు నమ్మాయన్నమాట.

ఇప్పుడు తెనాలి రోడ్డును దీని పక్కన పెట్టి చూడండి. అక్కడ ముప్ఫై అన్న హద్దు లేదు, డాక్టరు లేడు, అప్పీలు లేదు, తీర్పే లేదు. పరాయి ప్రభుత్వం బానిస జాతికి రాసిన కొరడా చట్టంలో ఉన్నపాటి అడ్డుకట్టలు కూడా స్వతంత్ర దేశపు లాఠీకి లేకుండా పోయాయి. ఆ చట్టం మళ్ళీ రావాలని మేము అనడం లేదు, ఎన్నటికీ అనం. ఆ చట్టాన్ని రద్దు చేసినప్పుడు ఏ పని మాన్పించామనుకున్నామో ఆ పని మానలేదని అంటున్నాం.

ఇంగ్లండు తన కోర్టుల్లో కొరడాను 1948లో తీసేసింది. మన పార్లమెంటు 1955లో తీసేసింది. ఆ సభల్లో జైళ్ళు చూసి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. బెత్తం దెబ్బ చప్పుడు పక్క గదిలోంచి విన్నవాళ్ళకు దాని గురించి ఉపన్యాసాలు అక్కర్లేకపోయింది. ఒకప్పుడు ఇండియా నుంచే పాలించిన సింగపూర్ మాత్రం ఆ బెత్తాన్ని అలాగే ఉంచుకుంది. ఇప్పటికీ అక్కడ యాభై ఏళ్ళ లోపు మగవాళ్ళకు ఇరవై నాలుగు దెబ్బల దాకా వేస్తారు. ఆ దేశం శుభ్రంగా ఉంటుంది, భయం ఉంటుంది అని మన వాళ్ళు మెచ్చుకుంటుంటారు. సింగపూర్‌లో నేరాలు తగ్గింది పట్టుబడడం ఖాయం కావడం వల్ల, విచారణ వేగం వల్ల, పోలీసు కొనుక్కునే సరుకు కాకపోవడం వల్ల. ఆ మూడూ మనం అడగం. తేలిగ్గా దొరికే బెత్తాన్ని అడుగుతాం.

1955 చట్టం ఒక మూల వదిలేసింది. అది కోర్టులు వేసే కొరడా శిక్షను రద్దు చేసింది గానీ, 1894 నాటి ప్రిజన్స్ యాక్ట్ జోలికి పోలేదు. జైలు క్రమశిక్షణ తప్పిన ఖైదీకి ముప్ఫై దెబ్బలకు మించకుండా కొట్టే అధికారం ఆ చట్టం 46వ సెక్షన్ మూలపాఠంలోను, అరంగుళం బెత్తం కొలత 53వ సెక్షన్లోను ఉన్నాయి. కేంద్ర హోం శాఖ 2023లో కొత్త నమూనా జైళ్ళ చట్టాన్ని తయారు చేసి రాష్ట్రాలకు పంపింది. మన రాష్ట్రం దాన్ని యథాతథంగా తీసుకున్నా, మార్చుకున్నా, జైలు లోపల ఒంటి మీద శిక్ష నిషిద్ధమని ఒక్క వాక్యం స్పష్టంగా ఉండాలి. ఎవరూ వాడడం లేదు కదా అన్న సమాధానం మాకు చాలదు. వాడని కత్తిని ఇంట్లో పిల్లల చేతికందేలా ఎవరూ పెట్టుకోరు.

కొరడా చట్టం పోయిన పదమూడేళ్ళకు మన కళ్ళ ముందు ఏం జరిగిందో ఈ ప్రాంతం మరిచిపోవడానికి వీల్లేదు. 1968 ఫిబ్రవరి 24న, నందిగామకు కూతవేటు దూరంలో, కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుణ్ణి దొంగతనం చేశాడన్న నెపంతో కట్టేసి, కొట్టి, కిరోసిన్ పోసి తగలబెట్టారు. ఊరు చూస్తుండగా. ఆ వార్త పార్లమెంటును కుదిపేసింది. ఆ ఊళ్ళోనే పుట్టిన కవి కలేకూరి ప్రసాద్ కలం వెనక ఆ మంట ఉంది. ఇత్తడి సామాను పోయిందన్న ఆరోపణకు, 1909 నాటి కొరడా చట్టం లెక్కలో చూసినా, రుజువైతే ముప్ఫై దెబ్బలు దాటవు. ఊరి పెద్దరికం వేసిన శిక్ష ప్రాణం. నాలుగు రోడ్ల కూడలిలో కట్టేయాలి అని ఈ రోజు అనేవాళ్ళు, మన తాలూకాలో ఒకసారి నిజంగానే కట్టేశారని గుర్తుంచుకోవాలి. కట్టేసింది ఎవరిని అన్నదీ గుర్తుంచుకోవాలి. గుంజ దాకా వెళ్ళిన ఒళ్ళు చెంచుదో మాలదో మాదిగదో ఎరుకలదో అయి ఉంటుంది. కామందు ఒళ్ళు అక్కడి దాకా వెళ్ళిన సందర్భం మాకు కనిపించలేదు.

ఇంకొక కేసు మరీ దగ్గరిది. 2007 డిసెంబరులో ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక విద్యార్థినిని దారుణంగా చంపారు. జనం రగిలిపోయారు. పోలీసులు మరుసటి ఏడాది నందిగామ దగ్గరి పల్లె కుర్రవాణ్ణి పట్టుకొచ్చి నిందితుడన్నారు. తనను కొట్టి ఒప్పించారని అతను మొదటి నుంచీ మొత్తుకున్నాడు. నరాల జబ్బుతో కాళ్ళు చచ్చుబడినా జైల్లోనే ఉన్నాడు. 2010లో విజయవాడ కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని తేల్చి, లక్ష రూపాయలు పరిహారం ఇవ్వమని, దర్యాప్తు అధికారుల మీద చర్య తీసుకోమని చెప్పింది. ఎనిమిదేళ్ళకు పైగా యవ్వనం జైలుగోడల మధ్య పోయాక లక్ష రూపాయలు. అయినా ప్రాణంతో బయటికొచ్చాడు, తల్లిని చూసుకున్నాడు. 2008లో నందిగామ కూడలిలో జనం చేతికి అతన్ని అప్పగించి ఉంటే? ఆ రోజు కొట్టేవాళ్ళు వందల్లో దొరికేవారు. ఆ ఆడపిల్ల తల్లిదండ్రులకు మాత్రం ఇన్నేళ్ళయినా న్యాయం దక్కలేదు. తప్పుడు మనిషిని కొట్టడం వల్ల మొదట నష్టపోయేది బాధితురాలి కుటుంబమే. అసలు నేరస్తుడు ఆ దెబ్బల చాటున తప్పించుకుంటాడు.

బాధితుల గోడు మీకు పట్టదా అని కొందరు మమ్మల్ని అడుగుతారు. పడుతుంది. అందుకే సాక్ష్యం నిలబడేలా దర్యాప్తు జరగాలని, ఫోరెన్సిక్ నివేదికలు నెలల తరబడి ఆగకూడదని, కోర్టుల్లో ఖాళీలు నింపాలని అడుగుతున్నాం. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర అత్యాచారం, హత్య కేసులో నిందితులైన నలుగురిని కాల్చి చంపినప్పుడు పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ విచారించి, ఆ ఎదురుకాల్పుల కథ నమ్మదగింది కాదని, పది మంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరగాలని చెప్పింది. పూలు చల్లినవాళ్ళలో ఆ నివేదిక చదివినవాళ్ళు ఎంతమంది? అంతకు చాలా ముందే, బహిరంగంగా ఉరి తీయమన్న రాజస్థాన్ హైకోర్టు ఆదేశం లచ్మా దేవి కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చినప్పుడు, అనాగరిక నేరానికి అనాగరిక శిక్ష సమాధానం కారాదని అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. అది ఉరిశిక్ష పడిన దోషి విషయంలో చెప్పిన మాట. దోషి ఒంటికే ఆ మర్యాద ఉన్నప్పుడు, స్టేషన్ బెంచీ మీద కూర్చున్న అనుమానితుడికి లేదా?

భారతదేశం చిత్రహింసల నిరోధక అంతర్జాతీయ ఒప్పందం మీద 1997లో సంతకం పెట్టింది. ఈ రోజుకీ దాన్ని ఆమోదించలేదు. 2010లో లోక్‌సభ దాటిన బిల్లు చట్టం కాకుండానే మురిగిపోయింది. 2017లో లా కమిషన్ తన 273వ నివేదికలో కొత్త బిల్లు ముసాయిదా ఇచ్చింది. దానికీ దుమ్ము పట్టింది. కాంగ్రెస్ ఏలినా, బీజేపీ ఏలినా ఇందులో తేడా లేదు. మన జిల్లా నుంచి లోక్‌సభకు వెళ్ళిన సభ్యులు, ఏ పార్టీ వారైనా, ఆ బిల్లు ఏమైందని సభలో అడగాలి.

ఢిల్లీలో జరగాల్సింది జరిగే దాకా ఇక్కడ చేయగలిగింది ఉంది. 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ప్రతి పోలీస్ స్టేషన్లో గేటు నుంచి లాకప్ దాకా, వరండాలు, ఇన్‌స్పెక్టర్ గది, స్టేషన్ వెనక ఆవరణ సహా సీసీ కెమెరాలు పెట్టమంది. కెమెరాలు పనిచేసేలా చూడడం స్టేషన్ హౌస్ ఆఫీసరు బాధ్యత. రికార్డులను పద్దెనిమిది నెలలు దాచాలి, అందుకు వీలు లేకపోతే ఏడాదికైనా తగ్గకూడదు. ఈ పని మీద కన్నేసి ఉంచడానికి కలెక్టరు, ఎస్పీ, ప్రజా ప్రతినిధి ఉండే జిల్లా కమిటీ వేయాలి. ఎన్టీఆర్ జిల్లాలో ఆ కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది, ఏం చూసింది అన్నది కలెక్టరు ప్రజలకు చెప్పాలి. నందిగామ, జగ్గయ్యపేట, కంచికచర్ల, వత్సవాయి, పెనుగంచిప్రోలు, చందర్లపాడు, వీరులపాడు స్టేషన్లలో ఏ కెమెరా పనిచేస్తోంది, ఏది పనిచేయడం లేదు అన్న వివరం నెలనెలా స్టేషన్ బయట అతికించాలి.

అదే తీర్పు ఇంకొకటి చెప్పింది. ఈ స్టేషన్లో కెమెరాలున్నాయని, ఇక్కడ ఎవరినైనా హింసిస్తే మానవ హక్కుల కమిషన్‌కు, మానవ హక్కుల కోర్టుకు, ఎస్పీకి ఫిర్యాదు చేయవచ్చని, ఆ ఫుటేజీని భద్రపరచమని కోరే హక్కు బాధితుడికి ఉందని స్థానిక భాషలో పెద్ద బోర్డు రాసి గుమ్మం దగ్గర, లోపల పెట్టాలి. ఈ బోర్డు లేని స్టేషన్ మన డివిజన్‌లో ఏది కనిపించినా పాఠకులు మాకు రాయండి. ఊరి పేరు, చూసిన తేదీ చాలు. ఆ స్టేషన్ పేరును, బోర్డు వేలాడే రోజు దాకా, ఈ పత్రిక మొదటి పేజీలో ప్రతి వారం అచ్చు వేస్తుంది.